వదిన చెప్పిన రివ్యూ

బాన్సువాడలో మా ఇంటి ముందరి గది. సినిమా చూసొచ్చిన మరునాడు, ఆదివారం పగలు. మాట్లాడేది మా మరిది నవనీత్, మా అత్త భూమవ్వ, నేను. నా పేరు శ్రీలత. రెండేళ్లు దాటిన మా పాప మిన్ను చాప మీద కూర్చుని గిన్నెలో గిన్నె పెట్టుకుంటోంది.

"వదినా, సినిమా ఎట్లున్నది అని అడిగితే పాప మంచిగ పడుకున్నది అంటవేంది? గిది రివ్యూనా?"

"నువ్వు అడిగినప్పుడు నాకు గదే నోట్లకొచ్చింది నవనీత్. మూతి కాడ మైకు పెడితే ఎవరైనా ఏం జెప్తరు."

"అందరు చెప్పిండ్రు కద. ఆటో భూమేశన్న చెప్పిండు, మోతీబాయి చెప్పింది, ఆఖరికి పండరి మామ సుత చెప్పిండు. నువ్వొక్కదానివే సినిమాను ఇడిసిపెట్టి పాప మీద రివ్యూ ఇచ్చినవ్. ఇగో ఇను. 'మా పాప ఒక్కసారి కూడా లేవలేదండి, చాలా బుద్ధిగా పడుకుందండి.' అండి అట. బాన్సువాడల అండి ఎవరంటరు వదినా?"

"కెమెరా ముందల గట్లనే మాట్లాడాలె గావచ్చు అనుకున్న."

"గా అండి సుత సరిగ ఇనొస్తలేదు. నీ ఎనకనే డప్పులు కొడుతుండ్రు. నీ మాటకన్న గా డప్పులే ఎక్కువున్నయి."

"జర సౌండ్ తక్కువ జేయిరా నవనీత్. నిన్నటిసంది నా చెవులు గుయ్యిమంటున్నయి. మల్ల గా సినిమా సప్పుడు ఇంట్ల పెడ్తవేందిరా."

"అమ్మా, ఇది సినిమా కాదు. సినిమా ఇడిసినంక బయట పబ్లిక్ మాట్లాడింది."

"ఏదైతేంది. సప్పుడు సప్పుడే కద."

"వదినా, మల్లొక్కసారి చెప్పు. గీడనే కూసోని చెప్పు, నేను అతికిస్త. సినిమా ఎట్లున్నది, చెడు ఎట్ల ఒచ్చింది, మంచి ఎట్ల గెలిచింది. గంతే. ఫ్యామిలీ ఆడియన్స్ మాట లేకపోతే నా వీడియో నడువది. అందరు మొగోళ్లే అయిండ్రు."

"మోతీబాయి ఉన్నది కద."

"మోతీబాయి దేవుణ్ణే తిట్టింది. 'ఊరంత సచ్చినంక ఒచ్చిండు గా దేవుడు, అంతసేపు ఏడ వోయిండు? మా తండాల దొంగలు వడితే పోలీసోళ్లు గిట్లనే ఒస్తరు' అన్నది. పెడితే కామెంట్లల్ల కొట్లాట అయితది."

"గామె అన్నదాంట్ల తప్పేమున్నది. నాకు సుత గట్లనే అనిపిచ్చింది."

"అయితే గదే చెప్పు. నీ మాటల చెప్పు."

"అంట్లు పడి ఉన్నయి నవనీత్. తర్వాత చెప్తతీ."

"తర్వాత తర్వాత అనుకుంట పొద్దుగాలనుంచి తిప్పుతున్నవ్. పండరి మామ నయం. చూడు ఏమన్నడో. 'మంచి గెలిచింది, సంతోషమే. గాని చెరుకు తోటల రాత్రిపూట అంత ఎలుతురు ఉండది. దయ్యం మొకం గంత సాఫ్‌గ ఎట్ల కనవడ్డది?' దయ్యం ఉన్నదా లేదా అనేది గాయనకు ఫికర్ లేదు. చెరుకు తోటల లైటింగే ఫికర్."

"గాయన రాత్రిపూట నీళ్లు కట్టనీకె పోతడు. గాయనకు తెలువదా మరి."

"భూమేశన్నది ఇను. 'ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ సాగదీసిండ్రు, సౌండ్ మాత్రం సీటు కిందికెళ్లి ఎవరో తన్నినట్టున్నది.' తారాచంద్ తాత అయితే మస్తు నవ్విచ్చిండు. 'ఇంట్ల ఎండకు నిద్ర పడ్తలేదని ఏసీల పండుకుందామని పోయిన. గా దయ్యం నన్ను కన్ను మూయనియ్యలే. లేపి లేపి సంపింది' అన్నడు."

"పక్కింటి వందనక్క ఏం జెప్పింది?"

"వందనక్క సినిమా ఏడ చూసింది. పేర్లు పడంగనే కొడుకు ఒర్లుడు షురూ జేసిండట. సినిమా అయిపోయేదాక బయట వరండాలనే తిరిగింది. అడిగితే 'పాప్‌కార్న్ బాగున్నది తమ్మీ' అన్నది. గది పెడుతున్న, కామెడీ ఉంటది."

"పాపం. ఇంటర్వెల్ల నన్ను చూసి ఏడుపు మొకం పెట్టింది. నీ బిడ్డ బంగారం లతా, నాకు గీడు దొరికిండు అన్నది. హాల్ల పిల్లలందరు ఏడుసుడే నవనీత్. నా ఎనక సీట్ల ఒకామె పిల్లగాని రెండు చెవులు మూసి పట్టుకున్నది. అంత లొల్లిల నాది ఒక్కతే..."

"గదే. నీది ఒక్కతే."

"ఏంది అత్తమ్మా?"

"ఏం లే. మీరు మాట్లాడుకోర్రి."

"ఏం లే అంటే ఏంది? నాది ఒక్కతే అంటివి."

"అన్న. అంటే ఏమైంది. సంచి సదురుకున్నవా?"

"ఏం సంచి?"

"పొద్దుగాల చెప్పలే? రేపు తొలి బస్సుకు డోంగ్లి పోవాలె. పిల్లవి రెండు జతల బట్టలు, పాల సీసా పెట్టుమన్న. చెప్పిన మాట ఒక్క చెవులకెళ్లి ఒస్తే ఇంకో చెవులకెళ్లి పోవట్టె నీకు."

"నేను రాను అంటిని కద అత్తమ్మా."

"నువ్వు రాకున్నా సరే. నేను తోలుకపోత."

"నా బిడ్డను నేను పంప."

"నీ బిడ్డనా. నా మనుమరాలు కాదా?"

"అమ్మా, వదినా, మీరు మీరు తర్వాత మాట్లాడుకోర్రి. నాకు ఒక్క ముక్క..."

"నువ్వు చెప్పు నవనీత్. డిగ్రీ చదివినోనివి, నువ్వు చెప్పు. డోంగ్లిల గాయనెవరో దయ్యం గాలి తీస్తడట. మాట రాని పిల్లకు గాలి తీస్తే మాట ఒస్తదా?"

"నన్ను నడుమ ఏస్కోకుర్రి వదినా. నేను ఏం జెప్పినా ఇంట్ల ఒకలు అన్నం పెట్టరు."

"చూసినవా అత్తమ్మా, చదువుకున్నోడు సుత నోరు మెదపడు. ఊర్ల వాళ్ల ఒపీనియన్ అడగనీకె మాత్రం మైకు పట్టుకుని ఉరుకుతడు."

"వాడెందుకు మాట్లాడ్తడు. నువ్వున్నవు కద మాట్లాడనీకె. పది పాస్ గానిదానివి డాక్టరు లెక్క మాట్లాడ్తవ్."

"నేను తప్పలే అత్తమ్మా. ఆపిచ్చిండ్రు. పెండ్లి జేస్తమని ఆపిచ్చిండ్రు. నాకు మంచిగనే ఒస్తుండె చదువు."

"ఇప్పుడు గదెందుకు."

"నువ్వే తీస్తివి కద."

"నేను తీసింది పిల్ల ముచ్చట. నిన్న సినిమాల చూసినవా లేదా? గా పిల్ల ఎట్లుండె? మాట లేదు. పిలిస్తే పలుకది. తనల తానే నవ్వుకుంట ఆడుకుంటుండె. అందరు పాపం మూగపిల్ల అనుకున్నరు. ఇంటర్వెల్ ముందల నోరు తెరిస్తే ఏమొచ్చింది? మొగోని గొంతు ఒచ్చింది. నా ఒళ్లు జల్లుమన్నది. నేను నీ దిక్కు చూసిన. నువ్వు తెర దిక్కు చూస్తున్నవ్. నీ ఒళ్ల అది పండుకున్నది."

"సినిమా అత్తమ్మా గది. రాసినోడు ఇంట్ల కూసోని రాసుకున్నది."

"ఊకెనే రాస్తరా? ఎక్కడో అక్కడ జరగకపోతే ఎట్ల రాస్తరు?"

"అమ్మా, ఫిక్షన్ అని ముందల రాసిండ్రు తెర మీద."

"నాకు చదువరాదు కదరా. నువ్వు చెప్పకపోతివి గప్పుడు."

"నీకు భయమైతే చెప్తుంటినే. నువ్వు దండం పెట్టుకుంట చూస్తుంటివి."

"ఇను శ్రీలతా. హాలంత దద్దరిల్లుతుంటే, పెద్దోళ్లమే బుగులువడి కండ్లు మూసుకుంటుంటే, చిన్నపిల్లలు పానం పోయినట్టు ఒర్లుతుంటే, నీ బిడ్డ దయ్యం సినిమాల నిద్రపోయింది. దానికి దయ్యం అంటే భయం ఎందుకు లేదు? ఆలోచన జేయి. నాకొక్కదానికే కాదు, ఇంటికొచ్చేటప్పుడు ఆటోల వందన సుత గదే అన్నది."

"వందనక్క బంగారం అన్నది."

"నీ ముందల బంగారం అన్నది. నా చెవుల వేరే చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఇడిసిపెట్టు."

"ఏం చెప్పింది అత్తమ్మా?"

"జర చూపించుకోర్రి అన్నది. గంతే."

"గంతేనా?"

"పెద్దయినంక వాళ్ల పిలగానితోని ఆడుకుంటది కద, ఇప్పుడే చూపించుకుంటే మంచిగుంటది అన్నది."

"అంటే నా బిడ్డ వాళ్ల కొడుకుకు అంటుకుంటదా? సినిమా చూసిన ఆమెనా ఏమన్ననా? పాప్‌కార్న్ తిన్నది. నా బిడ్డల దయ్యం ఉన్నదని సినిమా చూడకుంటనే తేల్చిందా?"

"మెల్లగ అను. గోడవతలనే ఉన్నది."

"ఇననియ్యి."

"వదినా, నువ్వు గింత కోపంల ఉన్నవ్ కద, గిట్లనే సినిమా మీద చెప్పు. మస్తు నేచురల్ ఒస్తది."

"చెప్పాల్నా? చెప్త ఇను. రాసినోనికి మాట రాని పిల్లనే దొరికిందా దయ్యం కూసోనీకె? మాట ఒచ్చినోళ్లల్ల చెడు లేదా? సినిమాల గా ఊర్ల అందరికి మాట ఒస్తది. ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకున్నరు, భూములు గుంజుకున్నరు, గా పిల్ల తల్లిని ఊర్లకెళ్లి ఎల్లగొట్టిండ్రు. వాళ్లంత మంచోళ్లు. నోరు లేని పిల్ల చెడ్డది. ఎక్కడి లెక్క గిది?"

"సూపర్ వదినా. ఆగు, ఆగు, ఫోన్ ఆన్ జేస్త."

"ఇంకోటి. గా సాధువు యాపమండలు పట్టి పిల్లను కొడుతుంటే హాలంత ఈలలు. పేపర్లు చింపి ఎగిరేసిండ్రు. నువ్వు సుత ఈల ఏసినవ్."

"గది మాస్ సీన్ వదినా. పిల్లను కాదు కొట్టేది. లోపలున్న దయ్యాన్ని."

"దెబ్బ తాకేది ఎవలికి?"

"సినిమాల ఎవలికి తాకది."

"డోంగ్లిల తాకుతది. పాలు పోసే జమ్లి చెప్పింది నాకు. వాళ్ల చెల్లె బిడ్డను గాయన కాడికే తోలుకపోయిండ్రట. యాపమండలతోని కొడితే ఈపుల వాతలు తేలినయట. ఎనిమిదేండ్ల పిల్ల అది. నాది రెండేండ్ల పిల్ల. గుప్పెడంత ఉన్నది."

"గట్టిగ కొట్టడు. ఊకె తాకిస్తడు. మహారాష్ట్ర దిక్కుకెళ్లి సుత ఒస్తరు గాయన కాడికి. అంత మంది పిచ్చోళ్లా?"

"నిన్న హాల్ల సుత మస్తు మంది ఉండె అత్తమ్మా. అందరు ఈలలు ఏసిండ్రు."

"నీతోని మాట్లాడుడు నాతోని కాదు. మహిపాల్ పొద్దుగాల ఫోన్ జేసి తోలుకపో అవ్వా అన్నడు. మొగుడు చెప్పినంక నీ మాటేంది?"

"నాతోని చూద్దాంతీ అన్నడు."

"నాతోని తోలుకపో అన్నడు."

"జుక్కల్ దిక్కు వరికోత మిషన్ మీద కూసోని నీకో మాట చెప్పిండు, నాకో మాట చెప్పిండు. మీరు మీరు ఇంట్ల కొట్లాడుకోర్రి అని పెట్టేసిండు. నేను నిజామాబాద్ పోదాం అంటే కోతలు అయినంక అంటడు. మాట నేర్పే డాక్టర్లు ఉంటరట ఆడ. అంగన్‌వాడీ మేడం చెప్పింది."

"మొన్న గీడ డాక్టరుకు చూపిస్తే ఏమన్నడు? కొందరు పిల్లలు ఆలస్యంగ మాట్లాడ్తరు, చూడుండ్రి అన్నడు. చూసుడు అయింది. దినాం చూస్తనే ఉన్న. దానికి ప్రేమ లేకుంట చెప్తున్ననా నేను? అది పుట్టినకాడికెళ్లి ఎవలు ఎత్తుకుని తిరిగిండ్రు? నీకు సుస్తీ అయితే ఎవలు పండుకోవెట్టుకున్నరు?"

"నువ్వే అత్తమ్మా. కాదన్ననా."

"మరి? అవ్వా అని ఒక్కసారి పిలుస్తదేమో అని నాకుండదా? పేరు వెట్టి మొత్తుకున్నా తిరిగి చూడది. కల్లుకుండ కాడ ముసలోళ్లు సుత ఒక్క పిలుపుకు చూస్తరు. ఇది చూడది. దగ్గరికి పోయి గదువ పట్టుకుంటే మాత్రం మొకం ఎలిగిపోతది. గట్ల ఎందుకుంటది చెప్పు. లోపల ఒకలు ఉంటే గట్ల ఉంటది. బయట మనం పిలుస్తుంటం, లోపల వాళ్లు పట్టుకుంటరు."

"ఆటల వడితే ఇనది. గంతే. చెయ్యి ఊపితే ఉరికొస్తది కద. మన గల్లీలకెళ్లి చెరుకు ట్రాక్టరు పోతే చప్పట్లు కొడ్తది. టీవీల ఎవరన్న ఎగిరితే ఇది ఎగురుతది. నేను ఏడిస్తే ఒచ్చి నా కండ్లు తుడుస్తది. లోపల చెడున్న పిల్ల కండ్లు తుడుస్తదా? మాట ఒక్కటే రాలే. నీ పెద్దకొడుకు మూడేండ్లదాక మాట్లాడలే అని నువ్వే చెప్పినవ్. ఇప్పుడు సుత ఏం మాట్లాడ్తడు గాయన. రెండు మాటలు. చూద్దాంతీ. పెట్టేస్తున్న."

"వదినా గది మాత్రం నిజం."

"నువ్వు నవ్వకురా. శ్రీలతా, ఒక్క మాట ఇను. కొట్టుడు తర్వాత. గాయన ముందుగాల పరీక్ష జేస్తడు. గాలి ఉన్నదా లేదా చూస్తడు. లేకపోతే ఒక్క అంత్రం తాయెత్తు కట్టి పంపిస్తడు. ఊకెనే కొడ్తడా ఎవలినన్న?"

"ఏం పరీక్ష?"

"సినిమాల చూపిచ్చిండ్రు కద గదే. సాధువు ఏం జేసిండు? సప్పుడు జేయకుంట పిల్ల ఎనకకెళ్లి ఒచ్చి తాంబాలం కొట్టిండు. మామూలు పిల్ల అయితే ఉలికిపడ్తది. లోపల గాలి ఉంటే కదలది మెదలది. డోంగ్లి ఆయన సుత గదే జేస్తడు. సినిమా తీసినోళ్లు పెద్దోళ్లను అడిగి తెలుసుకునే తీసి ఉంటరు."

"గంతేనా?"

"గంతే."

"గదాని కోసం డోంగ్లి పోవాల్నా? మనింట్ల తాంబాలం లేదా?"

"ఏంది?"

"దేవుని కాడ ఇత్తడి తాంబాలం ఉన్నది. తీసుకరా. గంటెతోని కొట్టు. ఇప్పుడే, గీడనే. ఉలికిపడితే ఇగ డోంగ్లి మాట నువ్వు ఎత్తొద్దు. వందనక్కకు సుత నువ్వే చెప్పాలె, నా మనుమరాలికి ఏం లేదు అని."

"ఉలికిపడకుంటే?"

"పడకుంటే నేనే సంచి సదురుత. తొలి బస్సు కాదు, రాత్రికే పోదాం."

"మాట తప్పవు కద?"

"నా బిడ్డ మీద ఒట్టు అత్తమ్మా."

"ఒట్లు గిట్లు వద్దు. దాని మీద అసలు వద్దు. ఆగు, తెస్త."

"వదినా, రికార్డ్ పెట్టాల్నా? మస్తు కంటెంట్ ఇది. సినిమా సీను మనింట్లనే."

"ఫోన్ పక్కకు పెట్టు నవనీత్. ఏది పడితే గది కంటెంట్ కాదు."

"పెట్టిన, పెట్టిన. కోపమెందుకు."

"ఇగో, తాంబాలం. శ్రీలతా, ఇంకోసారి చూసుకో. తర్వాత నన్ను అనొద్దు."

"కొట్టు అత్తమ్మా."

"కొడుతున్న. మిన్నూ, అవ్వ ఏం తెచ్చిందో చూడు. ఇగో."

"చూసినవా? నవ్వింది. చప్పట్లు సుత కొట్టింది. అయిపాయె. ఇగ డోంగ్లి లేదు గీంగ్లి లేదు. నవనీత్, చూసినవా నువ్వు? సాక్షివి నువ్వే."

"చూసిన వదినా. నవ్వింది."

"నేను ముందల నిలవడ్డ కదనే. నా చెయ్యి లేసుడు చూసి నవ్వింది. గిట్ల కాదు. ఎనకకెళ్లి కొట్టాలె."

"ఎటుకెళ్లి కొట్టినా గంతే. ఎనకకెళ్లి కొట్టు. నీకు తృప్తి ఉండాలె."

"నవనీత్, నువ్వు దాని ముందల కూసో. గిన్నె చూపియ్యి. నా దిక్కు చూడనియ్యకు."

"మిన్నూ, ఇటు చూడు బంగారం. ఇగో గిన్నె. బాబాయికి ఇస్తవా? హా. కొట్టమ్మా."

"కొట్టిన."

"మెల్లగ కొట్టినవ్ అత్తమ్మా."

"మెల్లగనా? నా చెవులే పగిలినయి."

"మల్ల కొట్టు. గట్టిగ."

"కొట్టిన."

"నవనీత్, నువ్వు గిన్నె ఊపుతున్నవ్, అది ఆటల వడ్డది. గిన్నె పక్కకు పెట్టు. ఊకె కూసో."

"పెట్టిన వదినా. ఊకెనే కూసున్నది. నా మొకం చూస్తుంది."

"కొట్టు అత్తమ్మా."

"శ్రీలతా..."

"దగ్గరికి పోయి కొట్టు."

"దగ్గరనే ఉన్ననే. దాని జుట్టు తాకుతుంది తాంబాలం."

"దానికి తాకనియ్యకు. తాకకుంట కొట్టు. ఊకె గాలిల కొట్టు."

"కొడుతనే ఉన్న బిడ్డా. నాకు చెయ్యి గుంజుతుంది."

"నవనీత్, నువ్వు ముందల ఉన్నవ్. కన్ను మూసిందా? రెప్ప కొట్టిందా? ఏమన్న కదిలిందా? సరిగ చూసి చెప్పు."

"లేదు వదినా."

"సరిగ చూడు."

"చూసిన. అమ్మ కొట్టినప్పుడల్లా నేనే ఉలికిపడుతున్న. నన్ను చూసి అది నవ్వుతుంది."

"భూమవ్వా, ఏమైంది? ఎవలికేమైందో అని ఉరికొచ్చిన. గంత సప్పుడు ఏంది? మావోడు అప్పుడే పండుకున్నడు, ఒక్కసారే లేసి ఒర్లుడు షురూ జేసిండు."

"మీ ఇంట్లకు ఇనొచ్చిందా వందనక్కా?"

"ఇనొచ్చిందా అంటవేంది లతా. తలుపేసుకుని ఉన్న నేను. గల్లీ మొత్తం ఇనొచ్చి ఉంటది. ఏం పూజ ఇది పట్టపగలు?"

"అగో, అగో, తిరిగింది. వందన దిక్కు తిరిగింది. నవ్వింది సుత. శ్రీలతా, చూడు, తిరిగింది."

"చాప మీద వందనక్క నీడ వడ్డది అత్తమ్మా. నీడ చూసి తిరిగింది."

"నీడ చూసా?"

"వందనక్కా, నువ్వు ఇంటికి పో. పిలగాడు ఏడుస్తుండు, గీడికి ఇనొస్తుంది. పో అక్కా. ఏం లేదు. తర్వాత చెప్త."

"నీ మొకం గట్లున్నదేంది లతా? సరేతీ. పోతున్న."

"పోయింది. ఇగ ఏడ్వకు బిడ్డా. నేను చెప్పలే? సినిమాల పిల్ల లెక్కనే అయింది. ఏడ్వకు. రేపు పోదాం. గాయనను కొట్టనియ్య నేను. నా మనుమరాలి మీద మండ ఎత్తితే నేను అడ్డం పోత, నా ఈపుల పడనీ దెబ్బలు."

"సినిమాల పిల్ల లెక్క కాదు అత్తమ్మా."

"మరేంది? కదిలిందా? కదల్లే కద."

"నిన్న హాల్ల గోడలు ఊగినయి. వందనక్క కొడుకు పేర్ల కాడనే మొత్తుకున్నడు. తారాచంద్ తాత పండుకుందామని పోయి పండుకోలేకపోయిండు. నీ చెవులు ఇంకా గుయ్యిమంటున్నయి. నా ఒళ్ల ఇది మెసలలే. నేనేం జేసిన? మురిసిన. అందరి పిల్లలు ఏడుస్తుంటే నా బిడ్డ బంగారమని మురిసిన. మైకు పట్టుకుని మురిసిన."

"మురిస్తే తప్పేందే. మంచిగ పడుకున్నది కద."

"ట్రాక్టరు పోతే చప్పట్లు కొడ్తది అంటి. ట్రాక్టరు పోతే మనింట్ల బండలు అదురుతయి. కింద కూసున్నదానికి అదురు తెలుస్తది."

"నువ్వనేది నాకు సమజైతలేదు శ్రీలతా."

"నాకు సుత ఇప్పుడే సమజైంది. పిల్ల ఒంట్ల ఎవలు లేరు అత్తమ్మా. పిల్లనే ఉన్నది. మనం పిలిచేటిదే దాని కాడికి పోతలేదు."

"అంటే... నేను గిన్ని దినాలు అవ్వా అనుమని, అవ్వా అనుమని దాని చెవుల..."

"తాంబాలం కింద పెట్టు అత్తమ్మా."

"వదినా. ఏం అనుకోకు. నీ బిట్ నేను తీసేస్తున్న. వీడియోనే పెట్ట ఇగ. డిలీట్ జేస్తున్న."

"ఆగు. గా బిట్ల మిన్ను కనవడ్తదా?"

"కనవడ్తది. నీ భుజం మీద తల పెట్టి పండుకుని ఉన్నది. నీ ఎనకనే డప్పులోళ్లు."

"డప్పుల సప్పుడు మంచిగ ఇనొస్తుందా?"

"నీ మాటకన్న గదే ఎక్కువున్నది అంటిని కద."

"అయితే తీసెయ్యకు నవనీత్. రేపు నిజామాబాద్‌ల చెవుల డాక్టరుకు చూపియ్యాలె."